దక్షిణపు సగం

పొలం పద్నాలుగు హెక్టార్లు. రోడ్డు అంచున ఒక కర్ర, అవతలి గట్టున ఒక కర్ర. ఆ రెంటినీ కలుపుతూ గీత గీస్తే ఉత్తరాన ఏడు నావి, దక్షిణాన ఏడు నాన్నవి. కర్రలు నాన్నే పాతాడు, 2017 అక్టోబరులో, తుంటి నొప్పితో కుంటుకుంటూ. అంతకు ముందు మా ఇంట్లో భూమి దగ్గర నాది నీది అన్న మాట లేదు.

ఆ ఏడాది ఆ పొలంలో వేసింది జెపాక్. ఆవ జాతి నూనెగింజ. ఆగస్టు చివర విత్తుతాం. చలికాలమంతా నేలకి అంటుకుని ఉండి, మంచు కరిగాక లేచి, జూలైలో కోతకొస్తుంది. గ్లుబ్‌చిత్సే పట్నం చుట్టుపక్కల మా పసుపు మట్టిలో అది బాగానే పండుతుంది. అయినా మేమిద్దరం దాని మీదే పందెం కట్టాం.

నాన్న పేరు హియెరోనిమ్. అప్పటికి డెబ్భై మూడేళ్ళు. నాకు నలభై ఒకటి. ఆయన తుంటి పాడయ్యాక రెండేళ్ళుగా పొలం పని మొత్తం నాదే. తెల్లవారుజామున బేకరీ వ్యాను తోలి ఎనిమిది ఊళ్ళకి రొట్టె దించి, పదింటికి ఇంటికొచ్చి ట్రాక్టరెక్కేదాన్ని. మా భూమికి మూడు వైపులా పావ్లుక్ భూములు. తొమ్మిది వందల హెక్టార్లు సాగు చేస్తాడు. మాది కూడా పదేళ్ళ కౌలుకి అడుగుతున్నాడు. ఇచ్చేద్దామని నాన్న, నా పేర రాయమని నేను.

రాస్తే ఏం చేస్తావని అడిగాడు. ఆకు మీద పిచికారీ మొదలుపెడతానన్నాను. యూరియా, మెగ్నీషియం, బోరాన్ నీళ్ళలో కలిపి, వేళ్ళు అందుకోలేని రోజుల్లో ఆకులకి ఇస్తానన్నాను. నాన్న యాభై ఏళ్ళుగా నేల మీద ఎరువు గుళికలు చల్లి ఊరుకునే మనిషి. నోట్లో ఉన్న రొట్టె మింగాడు.

"చెట్టుకి నోరు వేళ్ళలో ఉంటుందే. నీ వీపు మీద సూప్ పోస్తే నీ కడుపు నిండుతుందా?" అన్నాడు.

చూద్దాం అన్నాను. అలా పడింది పందెం. మందు కొట్టిన నా సగంలో హెక్టారుకి మూడు క్వింటాళ్ళు ఎక్కువ రావాలి. అంతకి తక్కువైతే మందు, డీజిలు, నా నడుము, ఏదీ గిట్టదని ఆయన వాదన. అది సబబే. మూడొస్తే భూమి నా పేర రాస్తాడు. రాకపోతే కోతయ్యాక వచ్చే ఆదివారం పావ్లుక్ కాగితం మీద సంతకం పెడతాడు.

"ఒక్కటే షరతు. నా సగం మీద నీ మందు ఒక్క చుక్క పడకూడదు," అన్నాడు.

అమ్మ లెయోకాదియా పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగకుండానే, ఎవరు గెలిచినా తనకొకటేననీ, గుమ్మంలో బురద బూట్లు కడిగే పని తప్పితే చాలనీ అంది.

అక్టోబరులో మొక్క ఆరాకుల మీదున్నప్పుడు నా సగానికి మొదటి బోరాన్ ఇచ్చాను. మధ్య కర్రల వరసకి రాగానే స్ప్రేయరు నాజిళ్ళు కట్టేసి వెనక్కి తిరిగాను. నాన్న గట్టు మీద నిలబడి చూశాడు. ఆ తర్వాత మంచు పడింది. ఇక మార్చి దాకా ఎవరి సగమైనా ఒకటే.

మా వైపు ఈస్టర్ సోమవారం తెల్లవారగానే రైతులు పొలాలకి పోయి పవిత్రజలం చిలకరిస్తారు. చర్చి నుంచి తెచ్చిన నీళ్ళు సీసాలో పోసుకుని, బాక్స్‌వుడ్ పొద రెమ్మ ముంచి, నాలుగు మూలలా కొడతారు. ఆ ఏడు నాన్న నడవలేడని నేనూ వెంట వెళ్ళాను. దక్షిణపు మూలలు రెండూ అయ్యాయి. ఇంటికి తిరుగుతాడనుకున్నాను. ఉత్తరం వైపు నడక మొదలుపెట్టాడు. మూడు వందల మీటర్లు, ఆయన కాలితో పావుగంట.

"అది నా సగం నాన్నా," అన్నాను.

"దేవుడికి కర్రలు కనపడతాయా ఏంటే?"

"మరి నువ్వూ ఆకు మీదే పోస్తున్నావుగా. వేళ్ళలో పొయ్యాలి కదా."

"ఇది తిండి కాదు, దీవెన. దీవెన ఎక్కడ పోసినా ఇంకుతుంది," అని రెమ్మ ఝాడించాడు. కొన్ని చుక్కలు నా మొహం మీద పడ్డాయి. కావాలనే కొట్టాడు.

ఆ వారంలోనే సానటోరియం నుంచి ఉత్తరం వచ్చింది. తుంటికి బురద స్నానాలు, మర్దనాలు, మూడు వారాలు, ప్రభుత్వ ఖర్చు. ఆ వంతు కోసం ఇరవై రెండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు. వెళ్ళకపోతే మళ్ళీ వరస చివరికి పోవాలి. ఏప్రిల్ పదకొండున, ఆ సానటోరియం ఉన్న కుదోవాకి బస్సెక్కాడు. ఎక్కే ముందు, రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాననీ, తన సగం సంగతి తనకి చెప్పాలనీ అన్నాడు.

ఏప్రిల్లో వాన లేదు. పదిహేను రోజులు తూర్పు గాలి. మట్టి పైన రెండు వేళ్ళ మందం పొడైపోయింది. గుళికలు వేసినవి వేసినట్టే నేల మీద కనబడుతున్నాయి. కరిగితే కదా వేళ్ళకి అందడానికి. నా సగానికి కాడ సాగే దశలో ఒక పిచికారీ అయింది. మొగ్గ దశలో ఇంకొకటి ఇవ్వాలి.

పదిహేడో తారీఖు, మంగళవారం. వ్యాను పని ముగించుకుని వచ్చి, నా సగంలో పది మొక్కలు, నాన్న సగంలో పది మొక్కలు పీకాను. ట్రైలరు చెక్క మీద పెట్టి కత్తితో నిలువునా చీరాను. నావి తెల్లగా ఉన్నాయి. నాన్నవాటిలో ఏడింటికి వేరు పైభాగం డొల్ల, లోపల గోధుమరంగు. కాడలు నిలువునా చిట్లాయి. ఆకు అంచులు ఎర్రబడ్డాయి. పేరు చెప్పుకోవాలంటే బోరాన్ లోపం. దాంతోపాటు ఆకలి కూడా.

నాకు సంతోషం కలగాలి. మూడు కాదు, అయిదు క్వింటాళ్ళ తేడా కళ్ళెదుట చెక్క మీద పరిచి ఉంది. జూలై దాకా చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు.

ఆ సాయంత్రం ఆరింటికి నాన్న ఫోన్ చేశాడు. అక్కడి మర్దనా మనిషి గురించి చెప్పాడు. ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేశాడట, తన కాలిని పార పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడట. తర్వాత తన సగం ఎలా ఉందని అడిగాడు. వాన లేదని చెప్పాను. అది నేనడిగింది కాదుగా అన్నాడు. ఉంది, నిలబడి ఉంది అన్నాను.

ఫోన్ పెట్టేసి మందు కలిపాను.

తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను, ట్యాంకులో మందు మిగిలిపోయింది, పారబోయకూడదు కాబట్టి పక్క సగానికి కొట్టాను అని. అలా జరగలేదు. నా ఏడు హెక్టార్లకి కావలసింది ఎంతో నాకు తెలుసు. దానికి రెట్టింపు కలిపాను. ఉత్తరపు సగం ముగించి, కర్రల వరస దగ్గర ఆగాను. నాజిళ్ళు కట్టెయ్యలేదు. గేరు మార్చి ముందుకు పోనిచ్చాను. చేసింది అంతే. ఎందుకు చేశావంటే ఇప్పటికీ నా దగ్గర ఒకే జవాబుంది. ఎండుతున్న పంట పక్కనే స్ప్రేయరు పట్టుకుని తిరగడం నాకు చేతకాలేదు. అందులో సగం జాలి. మిగతా సగం, పాతికేళ్ళ అలవాటు.

దక్షిణం గేటు నుంచి ఇంటికొచ్చాను. అమ్మ దొడ్లో బట్టలు తీస్తోంది.

"అటు నుంచి వస్తున్నావేం?" అంది.

ట్రాక్టరు తిప్పడానికి వెళ్ళానన్నాను.

"తిప్పడానికి గంటన్నర పట్టిందా?" అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. నా పై బట్టలు విడిగా నానబెట్టింది.

ఇరవై మూడున నాన్న ఫోన్లో మళ్ళీ అదే ప్రశ్న. బాగుంది, పచ్చబడింది అన్నాను. వాన పడిందా అన్నాడు. పడలేదన్నాను. మరెలా పచ్చబడిందని అడిగాడు. మట్టి మంచిది కదా అన్నాను. అటువైపు నవ్వు వినబడింది. ఎవరితోనో గట్టిగా అంటున్నాడు, మట్టి, మట్టి, నేను చెప్పలేదూ అని. అప్పుడు చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు.

మే రెండున బస్సు దిగాడు. పద్నాలుగు హెక్టార్లూ పూతలో ఉన్నాయి. రోడ్డు మీద నిలబడి కర్ర కోసం వెతికాడు. కర్ర కనబడలేదు, అంత ఎత్తు లేచింది పైరు. రెండు పక్కలా ఒకే పసుపు.

కోత జూలై ఏడున మొదలైంది. హార్వెస్టరు అద్దెకి తెచ్చాం. ఉత్తరపు సగం గింజ ముందు, దక్షిణానిది తర్వాత, విడివిడి ట్రైలర్లలో కొనుగోలు కేంద్రానికి తోలాను. నాన్న రెండుసార్లూ పక్కన కూర్చున్నాడు. కాటా దగ్గర ఆయనే దిగి చీటీ తీసుకున్నాడు. నాది హెక్టారుకి ముప్ఫై ఆరు క్వింటాళ్ళ నలభై కిలోలు. ఆయనది ముప్ఫై అయిదు పది.

"ఒకటీ ముప్ఫై," అన్నాడు.

ఆ ఒకటీ ముప్ఫై అక్టోబరు బోరానుదీ, మొదటి వసంతపు పిచికారీదీ. అది నాకు తెలుసు.

గెలిచినందుకు ఆయన ఎగరలేదు. దారిలో నా భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పు లేదే, ఆకులు తినవు, అంతే అన్నాడు. మంచి మనసుతో అన్నాడు. అందుకే నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. ఓడిపోయాక చెబితే సాకులా ఉంటుంది. నీ పంట నా మందుతో పండింది అని ఎవరైనా అనగలరు. రుజువు ఏదీ? చీల్చిన మొక్కలు మూడు నెలల కిందటే కుప్పలో కుళ్ళాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, అది దాచను. ఒకటీ ముప్ఫై అని విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. పై ఏడాది నుంచి ట్రాక్టరెక్కక్కర్లేదు అనుకున్నాను. వ్యాను దిగి, పదింటికి మంచమెక్కి పడుకోవచ్చు. ఆ తర్వాతే దుఃఖం వచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక పావ్లుక్ వచ్చాడు. గసగసాల కేక్ తెచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. అమ్మ గ్లాసుల్లో పొడి వేసి మరిగే నీళ్ళు పోసి కాఫీ ఇచ్చింది. కౌలు కాగితాలు బల్ల మీద పెట్టి, పక్కన పెన్ను పెట్టాడు. వానలు, ధరలు, అడవిపందులు, అన్నీ అయ్యాయి. తర్వాత ఫోన్ తీసి నాన్న ముందుకి జరిపాడు.

"పెద్దాయనా, సంతకానికి ముందు ఒకటడుగుతాను, ఏమనుకోవద్దు. మా వ్యవసాయం కుర్రాడు ఉపగ్రహం బొమ్మలు చూస్తుంటాడు. మా పొలాలకి చూస్తుంటే మీది కూడా పడింది. ఇది ఏప్రిల్ పదిహేను. మీ దక్షిణపు సగం మావాటిలాగే పాలిపోయి ఉంది. ఇదిగో, ఇరవై అయిదు. మావి అలాగే ఉన్నాయి, మీది తేరుకుంది. పది రోజుల్లో. మధ్యలో వాన చుక్క లేదు. ఏం వేశారు?"

నాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి బొమ్మ చూశాడు. రెండోది చూశాడు. మళ్ళీ మొదటిది.

"నేనప్పుడు కుదోవాలో ఉన్నాను, బురదలో," అన్నాడు. "మా అమ్మాయినడుగు."

పావ్లుక్ నా వైపు తిరిగాడు. అమ్మ కేక్ కోయడం ఆపింది.

"యూరియా అయిదు శాతం," అన్నాను. "మెగ్నీషియం సల్ఫేటు దాంతోపాటే, లేకపోతే ఆకు మాడుతుంది. బోరాన్ హెక్టారుకి రెండు లీటర్లు."

"ఎప్పుడు?"

"పదిహేడు సాయంత్రం."

"నీళ్ళు?"

"హెక్టారుకి రెండు వందల యాభై."

అతను అదంతా ఫోన్లో రాసుకున్నాడు. తాము స్ప్రేయర్లు తిప్పేసరికి పూత వచ్చేసిందనీ, ఈసారి ముందే చూసుకోవాలనీ అన్నాడు. నాన్న పెన్ను అందుకున్నాడు. దాన్ని కాగితాల మీద అడ్డంగా పెట్టి, మొత్తం కలిపి పావ్లుక్ వైపుకి జరిపాడు.

"ఇవాళ కాదులే. వచ్చే జూలైలో రా."

ఏదైనా తప్పుగా అడిగానా అన్నాడు పావ్లుక్. లేదు, మంచి ప్రశ్న అడిగావు, కేక్ తిను అన్నాడు నాన్న. అతను తిని వెళ్ళిపోయాడు.

కారు చప్పుడు దూరమయ్యాక నాన్న కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క చుక్క పడకూడదన్నానా?"

"అన్నావు."

"ఎంత పడింది?"

"పదిహేడు వందల యాభై లీటర్లు."

గిన్నెల దగ్గర అమ్మకి నవ్వొచ్చింది. ఆపుకోలేక కొళాయి విప్పింది.

ఎందుకే అని అడిగాడు. పది మొక్కల సంగతి చెప్పాను. ఏడింటికి వేరు డొల్ల అని చెప్పాను. విన్నాడు. రోజూ ఫోన్ చేశాను కదా, ఎందుకు చెప్పలేదన్నాడు. చెబితే వద్దనేవాడివి అన్నాను.

"అంటాను. నాది కదా. ఎండితే ఎండనివ్వాల్సింది. అప్పుడు నాకు తెలిసేది. ఇప్పుడు నాకేం తెలిసింది? నా మట్టి బంగారమని కుదోవాలో ఇరవై మందికి చెప్పొచ్చాను."

ఆయన పంటని కాపాడాననుకున్నాను. ఆయన అడిగింది పంట కాదు, జవాబు. దాన్ని నేను చెడగొట్టాను.

"ఈ ఏడాది లెక్కలోకి రాదు. మళ్ళీ వేద్దాం," అన్నాడు.

ఇంకో అక్టోబరు, ఇంకో ఏప్రిల్. నాలుగింటికి వ్యాను, పదింటికి ట్రాక్టరు. గెలిచినా ఓడినా తేలిపోయిందనుకున్నది ఏదీ తేలలేదు. నా వల్ల కాదు నాన్నా అనబోయాను.

"నువ్వు కాదు," అన్నాడు, నేను అనకముందే. "ఈసారి పిచికారీ సగం నాది. నేనే కొడతాను. ఏమీ కొట్టని సగం నీది. ఎలా వదిలేస్తావో చూస్తాను."

"నువ్వు ట్రాక్టరెక్కలేవు."

"మూడు మెట్లు. కుదోవాలో రోజుకి నలభై ఎక్కించారు."

"మూడు క్వింటాళ్ళు వస్తే?"

"నువ్వు చెప్పింది నిజమని. భూమి నీది."

"రాకపోతే?"

"రాకపోతే ఇద్దరం పోయి పావ్లుక్ దగ్గర డ్రైవర్లుగా చేరదాం. మీ అమ్మ బూట్లు కడుగుతుంది."

కొళాయి దగ్గర నుంచి అమ్మ ఏదో అంది. అది ఇక్కడ రాయను.

జెపాక్ తర్వాత జెపాక్ వెయ్యరు కాబట్టి ఈసారి గోధుమ కోసిన పొలం తీసుకున్నాం, శ్మశానం వెనక పది హెక్టార్లు. ఆగస్టు ఇరవై నాలుగున విత్తాం. కర్రలు నేను పాతాను. నాన్న అక్టోబరు తొమ్మిదిన మొదటి పిచికారీ చేశాడు. మబ్బు పట్టిన రోజు, గాలి లేదు. ఎంత కలపాలో కాగితం మీద రాయించుకున్నాడు. బకెట్లో చెయ్యి పెట్టి కలుపుతూ, యూరియా వేస్తే నీళ్ళు ఇంత చల్లబడతాయేంటని అడిగాడు. యాభై ఏళ్ళు యూరియా చల్లిన మనిషికి అది తెలియదు. ఎప్పుడూ నీళ్ళలో వెయ్యలేదు మరి.

మూడు మెట్లూ ఎక్కడానికి రెండు నిమిషాలు పట్టింది. చెయ్యి ఇవ్వబోతే తోసేశాడు. నేను గట్టు మీద నిలబడ్డాను, కిందటేడు ఆయన నిలబడినట్టే. ఒక సాలు పోయాడు, తిరిగి వచ్చాడు. ఇంకో సాలు. కర్రల వరసకి వచ్చాక నాజిళ్ళు కట్టేశాడు. చివరి చుక్క కర్రకి ఇవతల పడింది. అవతల నా సగం పొడిగా ఉంది. ఆరాకుల మొక్కలు, వాటికేం తెలుసు.

నేను రెండడుగులు ముందుకి వేశానేమో. నాకు గుర్తు లేదు. ట్రాక్టరు ఆగింది, కిటికీ అద్దం దిగింది.

"ఇంటికి పోవే," అన్నాడు. "ఇక్కడుంటే నీ చేతులు ఊరుకోవు."

వెళ్ళాను. గుమ్మంలో బూట్లు విప్పి, పగలు మూడింటికి మంచమెక్కాను. పొలం వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వస్తూనే ఉంది. అది వేరేవాళ్ళ పనిలా వింటూ నిద్రపోయాను. అమ్మ లేపలేదు.